ఇద్దరం వెళ్ళాం, ఇద్దరమూ రావాలి

ఢిల్లీ వెళ్ళొచ్చానని తెలియగానే మా వీధివాళ్ళంతా అడిగింది ఒకటే: "ఎర్రకోట చూశావా?" చూడలేదు. "పోనీ కుతుబ్ మీనారు?" ఆటోలోంచి చూశాను. డ్రైవరు బ్రేకు వేసినప్పుడు కింది సగం, గుంతలో పడి ఎగిరినప్పుడు పై సగం కనిపించాయి. రెండూ కలిపితే ఒక మీనారు అవుతుందని నా నమ్మకం. "మరి వారంపాటు ఏం చూసినట్టు?" అంటే, ఒక ఆరో తరగతి పిల్ల పెన్సిళ్ళ డబ్బాలో ఒక శనగగింజను చూశానన్నాను. అప్పటినుంచి మా వీధివాళ్ళు నన్ను కాస్త జాలిగా పలకరిస్తున్నారు. ఇది ముఖ్యంగా వాళ్ళ కోసం రాస్తున్నాను.

బయలుదేరక ముందు

నేను అనకాపల్లి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. నా సర్వీసులో నేను హాజరైన శిక్షణలకు లెక్కలేదు. వాటిలో ఇచ్చిన ఫైళ్ళు ఒకదానిమీద ఒకటి పేర్చి పైకెక్కితే, సింహాచలం కొండను తలవంచి చూడొచ్చు. అయినా నాకు తెలిసొచ్చింది తక్కువే. ఎందుకంటే మా శిక్షణ ఢిల్లీలో గడ్డపెరుగుగా బయలుదేరుతుంది. రాష్ట్రానికి వచ్చేసరికి మజ్జిగ. జిల్లాకు వచ్చేసరికి పలచటి మజ్జిగ. మండలంలో మా గ్లాసులో పడేసరికి నీళ్ళూ, పైన తేలే ఒక కరివేపాకూ. ఆ కరివేపాకును నోట్సు రాసుకుని ఇంటికొస్తాం.

అలాంటిది ఈసారి గడ్డపెరుగు దగ్గరికే రమ్మని పిలుపొచ్చింది. రాష్ట్రానికి కొందరు టీచర్లు ఢిల్లీ వెళ్ళి వారంపాటు నేర్చుకుని రావాలట. మా మండలం నుంచి నేనూ, శిరీష అనే పిల్లా.

బయలుదేరే ముందు మా మండల విద్యాధికారి ఎంఈఓ గారు నన్ను పక్కకు పిలిచారు.

"మేడం, శిక్షణ సంగతి మీ ఇష్టం. ఆ పిల్లను మాత్రం ఉద్యోగంతో సహా క్షేమంగా తీసుకురండి."

"ఉద్యోగాన్ని కూడా సామానులో కట్టాలా సార్?"

"నవ్వకండి. రెండేళ్ళుగా కొండమీద ఒంటరిగా నెగ్గుకొస్తోంది. మానేస్తానని అప్పుడే రెండుసార్లు అంది. ఆ పిల్ల వదిలేస్తే ఆ కొండెక్కేవాళ్ళు మన మండలంలో ఇంకెవరూ లేరు. బడికి తాళమే. ఢిల్లీ చూస్తే మనసు మారుతుందని పంపిస్తున్నా."

ఢిల్లీ చూస్తే మనసు ఏ వైపు మారుతుందో ఆయన ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు.

శిరీషది ఒక గది, ఐదు తరగతులు, ఒకే టీచరు ఉన్న బడి. మాటలు రేషన్ కార్డు మీద తెచ్చుకున్నట్టు పొదుపుగా వాడుతుంది. ఆమె బడికి అధికారులు రాక రాక వస్తే, వచ్చినవాళ్ళు ఫొటోలు తీసుకుని వెళతారు. మరుగుదొడ్డి ఫొటో, మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఫొటో, నీళ్ళ ట్యాంకు ఫొటో. ఆమె హాజరు కోసం ఆమె ముఖాన్ని ఆమే రోజూ ఫొటో తీసుకోవాలి. సిగ్నల్ బడిలో ఉండదు, బడి వెనక బండమీద ఉంటుంది. రోజూ పొద్దున్నే బండెక్కి ఆకాశానికి ముఖం చూపించి దిగడం ఆమె మొదటి పీరియడు.

రైల్లో

నాగపూర్ దాటాక కందిపొడి అన్నం పొట్లం విప్పాను. మొదటి ముద్ద నోట్లో ఉండగా శిరీష అంది:

"మేడంగారూ, మీకు చెప్పకపోతే బాగోదు. తిరుగు టికెట్టులో నాది కేన్సిల్ చేసేయండి."

నాకు పొలమారింది. నా దగ్గుకి పై బెర్తు మీద పడుకున్న పెద్దమనిషి దిగొచ్చి వీపు తట్టాడు. పక్క కంపార్టుమెంటువాళ్ళు నీళ్ళు పంపారు. రైలు కూడా కాస్త నెమ్మదించిందనే నా అనుమానం.

"ఏటమ్మా, ఏటన్నావు?"

"లావణ్య అని, నా ట్రైనింగ్ కాలేజీ ఫ్రెండు. ఢిల్లీలో, మునిర్కాలో రూమ్ తీసుకుని సివిల్స్‌కి చదువుతోంది. ఆ రూములో ఇంకో మంచం ఖాళీగా ఉంది. వారం లోపల చెప్తే నాకే ఇస్తాదట. రాజీనామా ఆన్‌లైన్లో పంపేస్తాను."

"ఎందుకు? కొండకి భయమా? పాములా? జలగలా?"

"అవన్నీ అలవాటే. నాకు పాఠం చెప్పడం రాదు మేడంగారూ. అంతే."

అలా అనేసి, ఆ పిల్ల నింపాదిగా నా కందిపొడి అన్నం తినేసింది. నాకు ఢిల్లీ దాకా ఆకలి వేయలేదు.

సమోసా లేని శిక్షణ

ఢిల్లీలో ఫిబ్రవరి చలి మన చలిలా ఊరికే వేయదు. చెవులు పట్టుకుని ప్రశ్నలు అడుగుతుంది. నేను చీర మీద స్వెట్టరు, స్వెట్టరు మీద శాలువా, శాలువా మీద మా ఆయన మఫ్లరు వేసుకుని హాస్టల్ మెట్లు దిగుతుంటే, వాచ్‌మన్ ఎవరో పరుపు దించుతున్నారనుకుని సాయానికి వచ్చాడు.

శిక్షణ దక్షిణ ఢిల్లీలో ఒక సంస్థలో. మా వైపు శిక్షణ అంటే ముందు జ్యోతి ప్రజ్వలన. ఫ్యాను గాలికి దీపం ఆరుతుంది, ఫ్యాను ఆపుతారు, చెమటలు పడతాయి, ఫ్యాను వేస్తారు, దీపం ఆరుతుంది. తరువాత పూలగుత్తులు, తరువాత సమోసా, ఆ తరువాత పరిచయాలు, ఇంతలో భోజనం. ఇక్కడ ఏమీ లేదు. సుధా జీ అనే ఆవిడ, పంజాబీ డ్రెస్సూ క్యాన్వాస్ బూట్లూ వేసుకుని, నేరుగా లోపలికొచ్చి చాపమీద కూర్చుంది. ఆవిడా టీచరేనట. ఏళ్ళుగా ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో తోటి టీచర్ల తరగతులకు వెళ్ళి కూర్చోవడం ఆవిడ పని.

"పోయిన వారం మీ క్లాసులో పాఠం అర్థంకాని ఒక పిల్ల గురించి చెప్పండి," అంది హిందీలో.

చిన్నప్పుడు హిందీ పరీక్షలన్నీ పాసయ్యాను కాబట్టి నా హిందీ గొప్పది. నేను ఆటో పిలిస్తే డ్రైవరు రేడియో వార్తలు మొదలయ్యాయనుకుంటాడు. ఆ హిందీలో లేచి, వెనకబడిన విద్యార్థుల సమస్య మీద సుదీర్ఘంగా ఉపన్యసించాను. సుధా జీ ఓపికగా విని, "బహుత్ అచ్ఛా. ఆ పిల్ల పేరేమిటి?" అంది.

పేరు లేదు. నా ఉపన్యాసంలో దేశంలోని పిల్లలంతా ఉన్నారు, ఒక్క పిల్లా లేదు.

వరసలో శిరీష వంతు వచ్చింది. ఆమెకు హిందీ రాదు. తెలుగులో చెప్పింది, నేను అనువదించాను.

"చిలకమ్మ. రెండో తరగతి. ఏడు అంకెను తిరగేసి రాస్తది. మిగతావన్నీ సరిగ్గానే రాస్తది. ఏడు దగ్గర మాత్రం ముందు నా ముఖం చూసి, తరవాత రాస్తది."

సుధా జీ "మీరు ఆ పిల్లను చూస్తున్నారు" అంది. నేనది తెలుగులో చెబితే శిరీషకు పొగడ్త అని అర్థంకాలేదు. "అందరూ చూస్తారు కదేటి?" అంది నాతో.

ఆ మధ్యాహ్నం సుధా జీ తన పద్ధతి చెప్పింది. ఇంకొకరి తరగతి చూడటానికి వెళితే వెనక కుర్చీలో కూర్చోకూడదు. ఒక పిల్ల పక్కన కూర్చోవాలి. టీచరును చూడకూడదు, ఆ పిల్లనే చూడాలి. అయ్యాక బాగుందనీ బాగాలేదనీ అనకూడదు. ఆ పిల్ల ఏం చేసిందో అది మాత్రం చెప్పాలి. నేను ఇన్నేళ్ళ ఉద్యోగంలో నా తరగతి చూడవచ్చిన వాళ్ళందరినీ గుర్తుచేసుకున్నాను. ఒకాయన గోడ రంగు చూశాడు. ఒకాయన నా పాఠ్య ప్రణాళికలో ఎర్ర ఇంకు గీతలు లేవన్నాడు. పిల్లల వైపు చూసిన వాళ్ళు ఒక్కరూ గుర్తుకు రాలేదు.

చివర్లో సుధా జీ, ఒక బడిలో పాఠం చెప్పడానికి ఎవరు సిద్ధం అని అడిగింది. నా చెయ్యి నన్ను అడగకుండా లేచింది.

మునిర్కా

సాయంత్రం లావణ్య గదికి వెళ్ళాం. మునిర్కా సందులు ఎంత ఇరుకంటే, ఎదురుగా మనిషి వస్తే ఇద్దరిలో ఒకరు కాసేపు ఊపిరి బిగబట్టాలి. పైన కరెంటు తీగలు ఆకాశానికి జడ వేసినట్టుంటాయి. ఒక బండిమీద నిప్పుల్లో కాల్చిన చిలగడదుంప కోసి, నిమ్మకాయ పిండి, మసాలా చల్లి ఇస్తున్నారు. దొన్నె యాభై రూపాయలు. మా వైపు ఆ డబ్బుకి బుట్టెడు దుంపలొస్తాయి, ఉడకబెట్టి ఉప్పేసి తింటాం, తరువాత కిటికీలు తీసుకుని కూర్చుంటాం. అయినా నిమ్మకాయ పిండాలన్న ఆలోచన మా ముత్తాతలకు ఎందుకు రాలేదా అని రెండో దొన్నె తిన్నాను.

లావణ్య శ్రీకాకుళం పిల్ల. నాలుగో అంతస్తులో తలుపు తీసి "ఆయియే ఆంటీ!" అంది. మా ఊళ్ళో నేను మేడంని. ఢిల్లీలో రైలు దిగినప్పటినుంచీ ఆంటీనే. మెట్రోలో సీటిచ్చిన పిల్లా అదే అంది, శాలువాలమ్మే ఆవిడ, నాకంటే పదేళ్ళు పెద్దది, ఆవిడా అదే అంది.

గది చిన్నది. తలుపు తీస్తే ఒక మంచం తగులుతుంది, మూస్తే ఇంకో మంచం తగులుతుంది. ఆ రెండోది పరుపు లేకుండా ఖాళీగా ఉంది. నేను దానిమీదే కూర్చున్నాను. ఇక లేవకూడదనుకున్నాను. లావణ్య కరెంటు పొయ్యిమీద పప్పుచారు పెట్టింది. ఎన్నాళ్ళకో తగిలిన ఇంగువ వాసనకి నా కళ్ళు చెమర్చాయి. శత్రుశిబిరంలో ఇంత మంచి పప్పుచారు ఉంటుందనుకోలేదు.

"యార్ శిరీ, ఇంకేటి ఆలోచన? శుక్రవారం లోపల చెప్పకపోతే ఓనర్ భయ్యా ఇంకో అమ్మాయిని తెచ్చేస్తాడు," అంది లావణ్య.

"వస్తాను," అంది శిరీష.

"టీచరుద్యోగం ఎలాంటిదో తెలుసు కదమ్మా," అన్నాను. "గౌరవం, సెలవులు..."

"ఆంటీ, నేనూ ఆరునెల్లు చేశాను. నాకేమన్నా డౌట్ వస్తే అడగడానికి గోడ తప్ప ఎవరూ లేరు. గోడ మంచిదే, ఎప్పుడూ తిట్టలేదు. జవాబు మాత్రం చెప్పలేదు."

నేను పప్పుచారు ఇంకో గరిటె వేయించుకున్నాను.

నా ఘనమైన పాఠం

మా వైపు తనిఖీ అంటే పెళ్ళే. పెళ్ళికి ముందు నిశ్చితార్థం ఉన్నట్టు, తనిఖీకి ముందురోజు పాఠం మొత్తం ఒకసారి చెప్పేస్తాం. మర్నాడు అధికారి ముందు అదే పాఠాన్ని అప్పుడే పుట్టినట్టు చెబుతాం. పిల్లలు కూడా ఆరితేరినవాళ్ళు. ఆశ్చర్యపోవాల్సిన చోట ఆశ్చర్యపోతారు, సందేహం రావాల్సిన చోట సందేహం తెచ్చుకుంటారు. ఇది మోసమని మాకెప్పుడూ తోచలేదు. ముగ్గు వేసే ముందు వాకిలి ఊడవమా? అలాగే.

కాబట్టి ముందురోజే, తరగతి గది చూసుకుంటానని చెప్పి ఆ బడికి వెళ్ళాను. ఆరో తరగతి ఆడపిల్లలు. విత్తనం మొలకెత్తాలంటే నీరు, గాలి, వెచ్చదనం కావాలని చెప్పాను. రేపు తడి దూదిలోంచి మొలకలొచ్చిన శనగలు తీసి చూపించినప్పుడు "అరే వాహ్!" అనాలని నేర్పాను. పిల్లలు అద్భుతంగా నేర్చుకున్నారు. ఢిల్లీ పిల్లలు కదా, మరీ అద్భుతంగా నేర్చుకున్నారు.

మర్నాడు మా టీచర్లంతా తలా ఒక పిల్ల పక్కన సర్దుకున్నారు. నేను గొంతు సవరించుకుని, "బచ్చో, విత్తనం..." అన్నాను.

"పానీ! హవా! గర్మీ!" తరగతి మొత్తం పైకప్పు ఎగిరేలా అరిచింది.

నేనింకా ప్రశ్న వేయలేదు. ప్రశ్న దారిలోనే ఉంది. జవాబు ముందే వచ్చి గుమ్మంలో కూర్చుంది. ఏమీ ఎరగనట్టు నవ్వి సంచిలోంచి డబ్బా తీశాను. మూత తీయనైనా లేదు, "అరే వాహ్!" మూడో బెంచీలో ఒక పిల్లయితే గుండెమీద చెయ్యి వేసుకుని మరీ ఆశ్చర్యపోయింది. ఇంకో పిల్ల లేచి, "మేడంజీ, ఇప్పుడు నేను డౌట్ అడగాలా?" అని వినయంగా అడిగింది.

సుధా జీ ఒక పిల్ల పక్కన బెంచీమీద కూర్చుని, ఆ పిల్లనే చూస్తోంది. ఆవిడ ముఖంలో ఏమీ కనబడలేదు. అదే భయంకరం.

పాఠం అయ్యాక మేమంతా పక్కగదిలో చేరాం. ఒక్కొక్కరూ తమ పిల్ల ఏం చేసిందో చెప్పారు. నా పిల్ల అన్ని జవాబులూ చెప్పింది, నా పిల్లా చెప్పింది, నా పిల్లా. శిరీష వంతు వచ్చింది. తెలుగులో మొదలుపెట్టింది. అనువదించాల్సింది ఎవరు? నేనే.

"నా పక్కన పిల్ల పేరు ఖుష్బూ. ఆ పిల్ల ఏ జవాబూ చెప్పలేదు మేడంగారూ. అందరూ అరిచినప్పుడు పెదాలు కదిపింది, గొంతు రాలేదు. ముందు పక్కపిల్ల నోరు చూసింది, తరవాత తన నోరు తెరిచింది. పాఠం అంతా అలగే. శనగలు తన దగ్గరికి వచ్చినప్పుడు ముట్టుకోకుండా పక్కకి ఇచ్చేసింది. మీరు అడగరని ఆ పిల్లకి తెలుసు."

నేను హిందీలో, "ఖుష్బూ కొంచెం సిగ్గరి అని చెబుతోంది," అన్నాను.

సుధా జీ కళ్ళద్దాల మీదుగా చూసింది. "ఆవిడ అంత మాట్లాడితే మీకు ఇంతే వచ్చిందా?"

ఇక తప్పలేదు. మాటకు మాట అప్పజెప్పాను. నా పాఠం మీద చార్జిషీటును, నా గొప్ప హిందీలో, నా నోటితో, వార్తలు చదివినట్టు స్పష్టంగా చదివాను. చివర్లో ఎలాగూ మునిగాను కదా అని, నిన్న రిహార్సల్ చేయించిన సంగతీ చెప్పేశాను.

రాజస్థాన్ నుంచి వచ్చిన మాస్టారు నవ్వడం మొదలుపెట్టాడు. "మేమూ ఇంతే దీదీ, మేమూ ఇంతే!" అన్నాడు. గది గదంతా నవ్వింది. దేశంలో ఐకమత్యం ఎక్కడుందో నాకు ఆ రోజు తెలిసింది. సుధా జీ కూడా నవ్వి, శిరీష వైపు తిరిగింది.

"ఖుష్బూతో మీరైతే ఏం చేసేవారు?"

శిరీష తడుముకుంది. "చెప్పడం రాదు. ఒక్కసారి తనతో కూర్చోనా?"

ఎండిన శనగ

భోజనాల బెల్లు కొట్టాక వరండాలో ఖుష్బూ, శిరీష నేలమీద కూర్చున్నారు. నేను దూరంగా స్తంభం పక్కన నిలబడ్డాను. శిరీషకు వచ్చిన హిందీ మొత్తం అగ్గిపెట్టెలో పడుతుంది. ఒక చేతిలో నానిన శనగ, ఒక చేతిలో ఎండు శనగ పెట్టి చాపింది. అంతే.

ఖుష్బూ చాలాసేపు రెండు చేతులనూ మార్చి మార్చి చూసింది. శిరీషకు తొందర లేదు. నేనైతే ఆ సమయంలో మూడు సూచనలు, ఒక సామెత, ఒక జవాబు ఇచ్చేసేదాన్ని. చివరికి ఆ పిల్ల ఎండు శనగ తీసుకుని చెవి దగ్గర ఆడించి, గోటితో నొక్కి, "యే మర్ గయా," అంది.

చచ్చిపోయింది. తప్పు జవాబు! నా కాలు దానంతటదే ముందుకు పడింది. నేను స్తంభాన్ని పట్టుకున్నాను.

శిరీష తప్పనలేదు. "మర్ గయా? పక్కా?" అంది. ఖుష్బూ భుజాలు ఎగరేసింది. శిరీష తన చేతిరుమాలు తడిపి, అందులో ఆ ఎండు శనగ చుట్టి ఖుష్బూ చేతిలో పెట్టింది. ఖుష్బూ దాన్ని పెన్సిళ్ళ డబ్బాలో దాచుకుంది. "కల్ దేఖేంగే?" అంది, రేపు చూద్దామా అని. పొద్దున్నించీ ఆ పిల్ల తనంతట తాను ఒక ప్రశ్న అడగడం అదే.

శిరీష నవ్వింది. మా ఊళ్ళో బయలుదేరినప్పటినుంచీ ఆమె నవ్వడమూ అదే.

సాకేత్

ఆ సాయంత్రం అవమాన నివారణార్థం సాకేత్‌లో మాల్‌కి వెళ్ళాం. ఎస్కలేటర్ ఎక్కేటప్పుడు నా శాలువా అంచు ముందు మెట్టు మీద పడింది. నేను వెనక మెట్టు మీద ఉన్నాను. మేమిద్దరం వేరువేరుగా పైకి ప్రయాణించి, పై అంతస్తులో కలుసుకున్నాం. కాఫీ ధర చూసి, మా బళ్ళో మొత్తం స్టాఫుకి ఆ డబ్బుతో టీ, పకోడీ వస్తాయని శిరీషకు చెప్పాను. అయినా కొన్నాను. చేదుగా ఉంది, దానికి చక్కెర విడిగా అడగాలట.

"మేడంగారూ, మిమ్మల్ని నలుగురిలో అలగ..." అని నసిగింది శిరీష.

"ఊరుకో. నాకు హాయిగా ఉంది. ఇన్నేళ్ళలో నా పాఠం గురించి నిజం చెప్పిన మొదటి మనిషివి."

కప్పుని రెండు చేతులతో పట్టుకుని, తనే మాట్లాడింది. అన్ని మాటలు ఒకేసారి ఆమె నోట వినడం అదే మొదలు.

"రెండేళ్ళుగా రోజూ ఇంటికెళ్ళి అనుకుంటాను, ఇవాళ చెప్పింది సరిగ్గా చెప్పానా, తప్పు చెప్పానా అని. అడగడానికి ఎవరూ లేరు. ఒకళ్ళు ఒకటో తరగతి, ఒకళ్ళు ఐదు. ఒకళ్ళకి చెప్తుంటే నలుగురు ఖాళీ. అందుకని అందరి ముఖాలూ చూస్తా ఉంటాను, ఎవరికి ఎక్కడ ఆగిపోయిందో అని. అదే చెప్పడం రాకపోవడం అనుకున్నాను. వచ్చినవాళ్ళు గుడ్డు ఫొటో తీసుకుని బాగుందంటారు. గుడ్డు బాగుంది మేడంగారూ. నేనెలగున్నానో ఎవరూ చెప్పలేదు."

నేను జోకు వేయాలని చూశాను. దొరకలేదు. చక్కెర అడిగి తెచ్చి ఆమె కాఫీలో వేశాను.

"మరి మునిర్కా?" అన్నాను కాసేపటికి.

"ఏటో తెలీట్లేదు."

వస్తానన్న పిల్ల తెలీట్లేదంది. నా మటుకు నాకు మాల్‌లో దీపాలన్నీ ఒక్కసారి ఎక్కువ వెలిగాయి. తాళం పడబోయే బడి తలుపు ఒక అంగుళం తెరుచుకుంది.

శుక్రవారం

చివరిరోజు మధ్యాహ్నం రైలు. శిరీష టికెట్టు నేను కేన్సిల్ చేయలేదు. అది ఆమెకూ తెలుసు, అడగలేదు. పొద్దున్నే లావణ్య ఫోన్: ఓనర్ పదిగంటలకి వస్తాడు, నువ్వూ రా. శిరీష పెట్టె సర్దుకుని కిందికి దిగింది. నేను ఏ నోము నోచుకున్నానో, ఏ దేవుడికి ఏం మొక్కానో ఇప్పుడు చెప్పను. తీర్చడానికి చాలా ఉన్నాయి.

ఆటో ఎక్కాక డ్రైవరు "కహాఁ?" అన్నాడు. శిరీష బడి పేరు చెప్పింది.

"మునిర్కా కాదూ?"

"ముందు ఆ శనగ ఏటయిందో చూడాలి కదా మేడంగారూ. కల్ దేఖేంగే అంది. నిన్నంతా క్లాసులతో కుదరలేదు."

బడిగేటు దగ్గర ప్రార్థన బెల్లు కొట్టలేదింకా. స్వెట్టర్ల గుంపులోంచి ఖుష్బూ మమ్మల్ని చూసి, బ్యాగు ఊగిపోతుండగా పరుగెత్తుకొచ్చింది. పెన్సిళ్ళ డబ్బా తెరిచింది. రుమాలు విప్పింది. శనగ ఉబ్బి ఉంది. దాని ముక్కు దగ్గర తెల్లగా, బియ్యపుగింజ కొనంత మొలక.

"దీదీ, జిందా హై!" అని అరిచింది. గేటు మొత్తం వినబడేలా. పక్కపిల్ల నోరు చూడలేదు. ఎవరి నోరూ చూడలేదు. "నేను చచ్చిపోయిందన్నాను కదా, కాదు, నిద్రపోతోంది! నేనే చూశాను!"

శిరీష అక్కడే గచ్చుమీద కూర్చుని, ఆ మొలకను చాలాసేపు చూసింది. ఖుష్బూ ఎలా నీళ్ళు చల్లిందో, రాత్రి ఎక్కడ పెట్టిందో గబగబా చెప్పేస్తోంది. శిరీషకు అందులో సగం కూడా అర్థమై ఉండదు. ఊ, ఊ అంటూ అంతా వింది.

బయటికొచ్చాక ఫోన్ తీసి లావణ్యకు చేసింది. "నేను రావట్లేదే," అంది. "లేదు, భయం కాదు. చిలకమ్మ ఏడు సంగతి తేలలేదు."

చూశారా, నా ఊపిరి! నాగపూర్ దాటాక బిగబట్టింది, అప్పుడు వదిలాను. ఆ గాలికి ఢిల్లీ పొగమంచు కొంత తేలిపోయి, వాతావరణ శాఖవాళ్ళు కారణం వెతుక్కుని ఉంటారు. గేటు దగ్గర వేరుశనగలమ్మే ఆవిడ దగ్గర ఉన్నవన్నీ కొన్నాను. బేరమాడలేదు. నా జీవితంలో అది మొదటిసారి. ఆవిడకి అనుమానం వచ్చి నోటు వెలుతురులో పెట్టి చూసుకుంది.

"ఒక షరతు మేడంగారూ," అంది శిరీష.

"నూరు షరతులు చెప్పు!"

"నెలకోసారి మీరు నా బడికి రావాలి. వెనక కుర్చీలో కాదు, పిల్ల పక్కన కూర్చోవాలి. ఏం చూశారో అదే నాకు చెప్పాలి. మీ బడికి నేనూ వస్తాను."

"ఓ, తప్పకుండా!" అన్నాను. కొండ ఎంత ఎత్తని అడగడం మరిచిపోయాను. ఉత్సాహంలో మనిషి మోకాళ్ళను సంప్రదించడు.

స్టేషన్‌కి లావణ్య పులిహోర తెచ్చింది. "నా రూమ్‌మేట్‌ని ఎత్తుకుపోతన్నారు ఆంటీ, గుర్తుపెట్టుకోండి," అంది మూతి ముడిచి. రైలు కదిలాక కిటికీ వెంట నడుస్తూ శిరీషతో అంది: "ఒసేయ్, నేను కలెక్టరయ్యాక మీ బడికొస్తే మరుగుదొడ్డి ఫొటో అడగను. నీ పక్కన నేలమీద కూర్చుంటాను. పక్కా!"

శిరీష ఆమెకు చెయ్యి ఊపుతూనే ఉంది, ప్లాట్‌ఫారం అయిపోయినా.

కొండమీద

తిరిగొచ్చిన నెలలోనే శిరీష బడికి వెళ్ళాను. ఆ కొండ ఎవరెస్టుకి అక్కగారు. దారిలో నాలుగుచోట్ల వీలునామా రాయాలనిపించింది. మేకలు నన్ను దాటుకుంటూ వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి, జాలిగా చూసి వెళ్ళాయి. ఎంఈఓ గారికి పైనుంచి ఫోన్ చేద్దామని బడి వెనక బండమీదికి ఎక్కితే, సిగ్నల్ దొరికింది గానీ ఊపిరి దొరకలేదు.

లోపల ఐదు తరగతులూ ఒక గదిలో ఉన్నాయి. నేను రెండో తరగతి వరసలో, చిలకమ్మ పక్కన నేలమీద కూర్చున్నాను. పాఠం అయ్యేదాకా శిరీషను చూడలేదు.

పిల్లలు భోజనాలకు వెళ్ళాక శిరీష నా ఎదురుగా కూర్చుంది. ఆమె చేతులు ఒళ్ళో గట్టిగా ముడుచుకుని ఉన్నాయి.

"ఏం చూశారు మేడంగారూ?"

ఇంతవరకూ చదివిన మీకు తెలుసు, నేను చీమను చూస్తే ఏనుగును చెబుతాను. ఆ గదిలో మాత్రం అలా చెప్పాలనిపించలేదు. చూసింది చూసినట్టే చెప్పాను.

"చిలకమ్మ ఏడు తిరగేసి రాసింది. చూసుకుని చెరిపేసింది. మళ్ళీ రాసినప్పుడు సరిగ్గా వచ్చింది. ఈసారి నీ ముఖం చూడలేదు."